చలిజ్వరం దారి దొరికిన కథ

తెలుగులో ‘అంటువ్యాధి’ అనే మాటలోనే ఒక నమ్మకం దాగి ఉన్నది. రోగిని అంటితే, అనగా తాకితే, రోగం వస్తుందనేదే ఆ నమ్మకం. గజ్జి, మశూచి వంటి వ్యాధుల విషయంలో అది చాలవరకు నిజమే. కాని అన్ని వ్యాధులూ తాకుడువల్లనే రావు. కలరా రోగిని ఎన్నడూ చూడనివాడు కూడ, ఆ రోగి మలంతో కలుషితమైన నీరు త్రాగితే కలరా పాలవుతాడు. క్షయరోగి దగ్గినపుడు వెలువడే సన్నని తుంపరలతో క్రిములు గాలిలో చేరి ఎదుటివాని ఊపిరితిత్తులలో ప్రవేశిస్తాయి. ప్లేగు క్రిమి ఎలుకలమీద బ్రతికే గెంతుడు పురుగును వాహనంగా చేసుకొని మనిషి వద్దకు వస్తుంది. ఇట్లు ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క దారి ఉన్నది.

వ్యాధిని అరికట్టాలంటే ముందుగా తెలియవలసినది ఈ దారియే. దారి తెలియనంతకాలం మానవుడు చేసిన ప్రయత్నాలన్నీ చీకటిలో బాణం వేసినట్లే అయినాయి. వేలయేండ్లపాటు ఇట్టి చీకటిలో ఉండిపోయిన వ్యాధులలో మలేరియా ఒకటి. దాని దారి బయటపడడానికి కీలకమైన ఆధారం దొరికిన చోటు తెలుగునాటనే, సికిందరాబాదులో ఉన్నది. ఆ ఆధారం ఎట్లా దొరికినదో, అంతకు ముందు ఎన్ని తప్పుదారులు తొక్కవలసి వచ్చినదో తెలుసుకొంటే, శాస్త్రం ఎట్లా నడుస్తుందో కూడ తెలుస్తుంది.

చెడుగాలి అనే నమ్మకం

మలేరియా చాల పురాతనమైన వ్యాధి. మొదట గజగజ వణకించే చలి, తరువాత కాల్చివేసే జ్వరం, ఆపైన ఒళ్ళంతా తడిసిపోయేటట్లు చెమట, ఇవి వరుసగా వస్తాయి. చెమట పట్టిన తరువాత జ్వరం దిగిపోతుంది. రోగి లేచి తిరుగుతాడు. కాని దినం విడిచి దినం, లేదా రెండు దినాలు విడిచి, గడియారం చూచుకొన్నట్లు జ్వరం మళ్ళీ వస్తుంది. మన ఆయుర్వేద గ్రంథాలు విషమ జ్వరాలలో ‘తృతీయకము’, ‘చతుర్థకము’ అని చెప్పిన భేదాలు ఇట్టివే. పలుమార్లు జ్వరపడినవారికి ఎడమవైపు డొక్కలో ప్లీహం వాచి గట్టిపడుతుంది. దీనినే పల్లెలలో ‘బల్ల పెరిగింది’ అంటారు. తూర్పు కనుమలలోని అడవులకు పోయినవారిని పట్టుకొనే మన్యపు జ్వరం తెలుగువారికి తరతరాలుగా తెలిసినదే.

ఈ జ్వరం పల్లపు నేలలలో, చిత్తడి ప్రదేశాలలో, వానలు వెనుకపట్టిన తరువాత అధికంగా కనిపిస్తుందని ప్రాచీనులు గమనించారు. గమనించినది సరియైనదే. కాని దానికి చెప్పుకొన్న కారణం సరికాదు. నిలువ నీటిలో ఆకులు అలములు కుళ్ళి ఒక విషపుగాలి లేస్తుందనీ, రాత్రివేళ అది నేలమీద వ్యాపిస్తుందనీ, దానిని పీల్చినవారికి జ్వరం వస్తుందనీ యూరపులో నమ్మారు. ‘మలేరియా’ అనే మాటకు ఇటలీ భాషలో ‘చెడుగాలి’ అనియే అర్థం. రాత్రిపూట కిటికీలు మూసుకొని పడుకొన్నవారికి జ్వరం కొంత తక్కువగా రావడం ఈ నమ్మకానికి బలం చేకూర్చింది. మూసిన కిటికీ ఆపినది గాలిని కాదు, మరొక దానిని అని ఎవరికీ తోచలేదు.

విచిత్రమేమంటే, జబ్బు దారి తెలియకముందే మందు దొరికింది. దక్షిణ అమెరికాలోని సింకోనా చెట్టు బెరడు ఈ జ్వరాన్ని తగ్గిస్తుందని 17వ శతాబ్దంలోనే యూరపుకు తెలిసింది. 1820లో పెలెటియే, కావెంటూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆ బెరడునుంచి క్వినైనును వేరుచేశారు. నీలగిరులలో సింకోనా తోటలు వెలసినాయి. అయినా మందు వచ్చిన జ్వరాన్ని దించగలిగిందే గాని, రాబోయే జ్వరాన్ని పుట్టిన చోటనే ఆపలేకపోయింది.

రక్తంలో కనిపించిన జీవి

19వ శతాబ్దం రెండవ సగంలో పాశ్చర్, కాఖ్ వంటివారి పరిశోధనలవలన, అనేక వ్యాధులకు కంటికి కనిపించని సూక్ష్మజీవులే కారణమని తేలింది. దానితో మలేరియాకు కూడ ఒక క్రిమి ఉండాలనే వెదుకులాట ప్రారంభమైంది. 1879లో క్లెబ్స్, తొమ్మాసి క్రుదెలి అనే ఇద్దరు రోము నగరానికి దగ్గరి చిత్తడి నేలలలోని మట్టినుంచి ఒక బాక్టీరియాను తీసి, మలేరియా క్రిమి ఇదేనని ప్రకటించారు. చెడుగాలి సిద్ధాంతానికి ఇది చక్కగా అతికింది కనుక చాలమంది నమ్మారు. తరువాత అది పొరపాటని తేలింది.

మరుసటి యేడే అసలు జీవి కనిపించింది. ఆల్జీరియాలోని కాన్‌స్టాంటైన్ పట్టణంలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావరాన్ మలేరియా రోగుల రక్తాన్ని సూక్ష్మదర్శనితో ఓపికగా పరీక్షిస్తూ ఉండేవాడు. 1880 నవంబరు 6వ తేదీన ఒక సైనికుని రక్తపు చుక్కలో, నల్లని రేణువులు గల ఒక గుండ్రని వస్తువునుంచి సన్నని పోగులు బయటికి వచ్చి, కొరడాలవలె కొట్టుకోవడం ఆయన చూచాడు. అంతటి చలనం ప్రాణమున్న దానికే సాధ్యం. మలేరియాకు కారణం మట్టిలోని బాక్టీరియా కాదనీ, రక్తకణాలలో నివసించే ఏకకణజీవియనీ ఆయన నిశ్చయించాడు. ఈ కృషికి లావరానుకు 1907లో నోబెల్ బహుమతి లభించింది.

కొన్ని సంవత్సరాల తరువాత ఇటలీలో గాల్జీ, ఈ జీవులు రక్తకణాలలో పెరిగి, చీలి, కణాలను బ్రద్దలు చేసుకొని ఒక్కసారిగా బయటికి వచ్చే సమయమూ, రోగికి చలి పుట్టే సమయమూ ఒక్కటే అని చూపించాడు. జ్వరం గడియారం ప్రకారం రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు రోగం ఏదో తెలిసింది. రోగి శరీరంలో అది ఏమి చేస్తుందో తెలిసింది. కాని అసలు ప్రశ్న అట్లే మిగిలింది. ఈ జీవి ఒకని రక్తంలోనుంచి మరొకని రక్తంలోకి ఎట్లా పోతున్నది? రోగి దగ్గులో గాని, ఉమ్మిలో గాని, మలమూత్రాలలో గాని అది కనిపించలేదు. రోగిని తాకినవారికి జ్వరం రాలేదు. నాలుగు వైపులా మూసిన గదివంటి రక్తనాళాలలో ఉన్న జీవి బయటికి వచ్చే తలుపు ఏది?

ఒక ఊహ, అందులో ఒక పొరపాటు

ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చినవాడు పాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండు వైద్యుడు. చైనాలోని అమాయ్ రేవులో పనిచేస్తూ ఆయన బోదకాలును గురించి పరిశోధించాడు. ఆ వ్యాధికి కారణమైన సన్నని పురుగుపిల్లలు రోగి రక్తంలో ఉంటాయి. రోగిని కుట్టిన దోమల శరీరంలో ఆ పిల్లలు పెరగడాన్ని మాన్సన్ 1877లో గమనించాడు. వ్యాధిని కలిగించే జీవి ఒకటి, రక్తం పీల్చే కీటకంలో పెరుగుతుందని తెలియడం వైద్యచరిత్రలో పెద్ద మలుపు.

మలేరియా విషయంలో కూడ ఇట్లే జరుగుతూ ఉండవచ్చునని మాన్సన్ 1894లో ఊహించాడు. లావరాన్ చూచిన కొరడాల వంటి పోగులు, రక్తం శరీరంనుంచి బయటికి తీసిన కొన్ని నిమిషాలకు గాని వెలువడవు. అంటే ఆ జీవి తన జీవితంలో తరువాతి దశను మనిషి శరీరానికి వెలుపల గడపడానికి సిద్ధపడుతున్నదన్న మాట. రక్తాన్ని బయటికి తీసేది ఎవరు? దోమ.

ఇంతవరకు ఊహ చక్కనిదే. కాని దోమ ఒక్కసారి మాత్రమే రక్తం త్రాగి, నీటిపై గ్రుడ్లు పెట్టి, ఆ నీటిలోనే చనిపోతుందని మాన్సన్ నమ్మాడు. కావున దోమ శరీరంలోని మలేరియా జీవి నీటిలో కలుస్తుందనీ, ఆ నీటిని త్రాగినవారికి జ్వరం వస్తుందనీ ఆయన తలపోశాడు. లండనులో 1854లో జాన్ స్నో అనే వైద్యుడు కలరా నీటిద్వారా వ్యాపిస్తుందని చూపించి ఉండడంవలన, త్రాగేనీటిమీద అనుమానం కలగడం సహజమే. కాని ఒక వ్యాధికి సరిపోయిన దారి మరొక వ్యాధికి సరిపోవాలని నియమం లేదు.

సికిందరాబాదులో రెండేండ్ల తడబాటు

మాన్సన్ ఊహను పరీక్షించే భారాన్ని తలకెత్తుకొన్నవాడు రొనాల్డ్ రాస్. ఆయన 1857లో హిమాలయ పాదాలలోని అల్మోరాలో జన్మించాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. చిన్నతనంలో ఆయనకు వైద్యంపై మక్కువ లేదు. కవిత్వం, సంగీతం, గణితం ఆయనకు ఇష్టమైనవి. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు ఆయన బస చుట్టూ దోమలు విపరీతంగా ఉండేవి. కిటికీ వద్ద పెట్టిన నీళ్ళ తొట్టిలో దోమపిల్లలు కదలాడుతూ ఉండడం చూచి, ఆ తొట్టిని బోర్లించాడు. దోమలు తగ్గిపోయాయి. ఈ సంగతి తోటి అధికారికి చెప్పి, తక్కిన తొట్లను కూడ బోర్లించమంటే, సృష్టి క్రమంలో జోక్యం చేసుకోరాదని ఆయన నిరాకరించాడు. అప్పటికి రాసుకు కూడ దోమ కేవలం నిద్ర చెడగొట్టే పురుగు మాత్రమే.

1894లో సెలవుమీద లండను వెళ్ళినప్పుడు మాన్సన్ ఆయనకు సూక్ష్మదర్శనిలో మలేరియా జీవిని చూపించి, తన ఊహను చెప్పాడు. 1895లో రాస్ తన పటాలంతో నిజాం రాజ్యంలోని సికిందరాబాదు కంటోన్మెంటుకు చేరి, వెంటనే పని ప్రారంభించాడు. దోమలను పట్టి, దోమతెరలో పడుకొన్న రోగులపై విడిచి, రక్తం త్రాగిన దోమలను ఒక్కొక్కదానినే కోసి చూచేవాడు. కుట్టించుకొన్న రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవాడు.

మాన్సన్ చెప్పిన నీటి సంగతిని కూడ ఆయన పరీక్షించాడు. రోగుల రక్తం త్రాగిన దోమలు చచ్చిపడిన నీటిని, ఒప్పుకొన్న కొందరిచేత డబ్బిచ్చి త్రాగించాడు. మొదట త్రాగిన లచ్మన్ అనే యువకునికి స్వల్పంగా జ్వరం రావడంతో ఆశ కలిగింది. కాని తరువాతి పరీక్షలు ఆ ఆశను నిలువనీయలేదు. ఒక్క అనుకూల ఫలితంతో సంతోషించి ఊరుకొని ఉంటే, తప్పు సిద్ధాంతమే నిజమని లోకానికి చాటి ఉండేవాడు. మళ్ళీ మళ్ళీ పరీక్షించడమే ఆయనను కాపాడింది.

ఇంకొక పెద్ద చిక్కు ఆయనకు తెలియకుండానే అడ్డుపడింది. ఆయన పట్టి తెచ్చిన దోమలు ఎక్కువగా రెండు రకాలవి. ఒకటి బూడిదరంగు దోమ, రెండవది చారల దోమ. ఇవి ఇండ్లలో విరివిగా దొరుకుతాయి. ఈ రెండింటిలోనూ మనుష్యుల మలేరియా జీవి పెరగదు. రెండు సంవత్సరాలపాటు ఆయన కోసిన దోమలన్నీ ఇంచుమించు తప్పు దోమలే. అన్ని దోమజాతులూ అన్ని వ్యాధులను మోయవని ఆనాడు తెలియదు.

మధ్యలో 1895లోనే కలరా నివారణకోసం ఆయనను బెంగుళూరు పంపించారు. 1897 వసంతంలో ఊటీకి దిగువన ఉన్న సిగూరు కనుమకు, అక్కడి తీవ్రమైన జ్వరాలను పరిశీలించడానికి వెళ్ళాడు. దోమతెరలో పడుకొన్నప్పటికీ అక్కడ ఆయనకే మలేరియా సోకింది. అయితే ఆ ప్రయాణంలోనే, గోడమీద వాలినప్పుడు తోకభాగాన్ని పైకెత్తి ఏటవాలుగా నిలిచే ఒక దోమను, దాని రెక్కలమీది మచ్చలను ఆయన గమనించాడు. అట్టి దోమను అంతకు ముందు శ్రద్ధగా చూచి ఉండలేదు.

1897 ఆగస్టు

1897 జూనులో రాస్ మళ్ళీ సికిందరాబాదు చేరాడు. బేగంపేటలోని చిన్న ఆసుపత్రి గదిలో పని సాగింది. ఉక్కపోత భరించరానిదిగా ఉండేది. పంకా లాగిస్తే కోసి పెట్టిన దోమల ముక్కలు ఎగిరిపోతాయి కనుక పంకా లేకుండానే గంటల తరబడి కూర్చునేవాడు. నుదుటినుంచి, చేతులనుంచి కారే చెమటకు సూక్ష్మదర్శని మరలు తుప్పు పట్టినాయి. కంటి కటకం పగిలింది. చిన్న ఈగలు కండ్లలోనూ చెవులలోనూ దూరి బాధించేవి. దోమనంతా కొన వరకు శోధించినా ఏమీ కనిపించేది కాదు.

ఆగస్టు నడుమ ఆయన మనుష్యులు ఒక సీసాలో కొన్ని డింభకాలను పట్టి తెచ్చారు. వాటినుంచి గోధుమరంగు దోమలు బయటికి వచ్చాయి. వాటి రెక్కలమీద మచ్చలు ఉన్నాయి. ఇవియే ఇప్పుడు మనం అనాఫిలిస్ అనే పేరుతో పిలిచే దోమలు. ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఈ దోమలచేత కుట్టించారు. తరువాతి దినాలలో కొన్ని చనిపోగా, కొన్నింటిని కోసి చూచారు. ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు.

ఆగస్టు 20వ తేదీకి కొద్ది దోమలే మిగిలాయి. ఆనాడు మధ్యాహ్నం ఒక దోమ ఉదరకోశపు గోడను పరీక్షిస్తూ ఉండగా, ఇంచుమించు 12 మైక్రాన్ల అడ్డుకొలత గల గుండ్రని కణం ఒకటి స్పష్టంగా కనిపించింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. దోమ ఉదరకోశంలో సహజంగా ఉండే కణాలకూ దీనికీ పోలిక లేదు. మరికొంత వెదకగా అట్టివే ఇంకా కనిపించాయి. వాటి లోపల నల్లని సన్నని రేణువులు ఉన్నాయి. ఆ రేణువులు మలేరియా రోగి రక్తంలోని జీవులలో ఉండే రేణువులే. లావరాన్ 17 సంవత్సరాల క్రితం చూచినవి కూడ అవే.

కాని ఒక్క దోమలో చూచినది పొరపాటు కావచ్చును. మరుసటి దినం, 21వ తేదీన, మిగిలిన దోమను కోశాడు. అందులోనూ ఆ కణాలు ఉన్నాయి. పైగా ముందటి దినంకంటె పెద్దవిగా ఉన్నాయి! అంటే అవి పెరుగుతున్నాయి. మనిషి రక్తంనుంచి వచ్చిన జీవి దోమ ఉదరకోశపు గోడలో నాటుకొని, దినదినం పెరుగుతున్నది. మూసిన గదికి తలుపు దొరికింది.

ఈ సంగతిని రాస్ వ్రాసి పంపగా, 1897 డిసెంబరు 18వ తేదీన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఆ వ్యాసం శీర్షికలోనే, మలేరియా రక్తం త్రాగిన రెండు దోమలలో కనిపించిన కణాలను గురించి అని చెప్పుకొన్నాడు. రెండు దోమలలో చూచినదానిని వేయింటిలో చూచినట్లు చెప్పలేదు. ఆగస్టు 20వ తేదీని నేడు ప్రపంచమంతటా దోమల దినంగా పాటిస్తున్నారు. ఆ బేగంపేట భవనం ఈనాటికీ రాస్ పేరుతో, ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో నిలిచి ఉన్నది.

పిచ్చుకలు చెప్పిన సాక్ష్యం

కథ ఇక్కడితో ముగియలేదు. దోమలోకి జీవి పోతున్నదని తేలింది గాని, దోమలోనుంచి మళ్ళీ మనిషిలోకి ఎట్లా వస్తున్నదో తేలలేదు. ఇంతలో, సెప్టెంబరులో, రాసుకు బదిలీ ఉత్తరువు వచ్చింది. ఆయనను రాజపుతానాలోని ఖేర్వారాకు పంపించారు. అక్కడ మలేరియా అరుదు. మాన్సన్ గట్టిగా ప్రయత్నించిన మీదట 1898 ఆరంభంలో కలకత్తాలో పరిశోధనకు అవకాశం దొరికింది.

అక్కడ మరొక చిక్కు. ప్లేగు టీకాలను గురించి జనంలో భయం వ్యాపించి ఉన్నది. సూది చూస్తేనే రోగులు పారిపోయేవారు. రాస్ మనుష్యులను విడిచి పక్షులవైపు తిరిగాడు. పిచ్చుకలకూ, భరత పక్షులకూ మలేరియావంటి జబ్బు వస్తుంది. పూర్వం పనికిరాదని పారవేసిన బూడిదరంగు దోమలోనే పక్షుల మలేరియా జీవి చక్కగా పెరిగింది. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలను పెంచడంలో, పక్షులను కుట్టించడంలో ఆయనకు కుడిభుజంగా నిలిచాడు.

దోమ ఉదరకోశపు గోడమీది కణాలు పెరిగి, పగిలి, వాటినుంచి కదురు ఆకారంలో ఉండే వేలాది సూక్ష్మరూపాలు వెలువడడం రాస్ చూచాడు. అవి ఎక్కడికి పోతున్నాయి? 1898 జూలైలో సమాధానం దొరికింది. దోమ తలవైపు ఉన్న ఒక గ్రంథిలో అవి క్రిక్కిరిసి ఉన్నాయి. ఆ గ్రంథినుంచి బయలుదేరిన నాళం దోమ తొండంలోకి పోతున్నది. అది లాలాజల గ్రంథి! కుట్టేటప్పుడు దోమ ముందుగా తన లాలాజలాన్ని గాయంలోకి విడుస్తుంది. ఆ లాలాజలంతోనే రోగం ప్రవేశిస్తుంది. త్రాగే నీటితో నిమిత్తం లేదు. ఇట్టి దోమలచేత ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను కుట్టించగా, వాటిలో చాలవాటికి జబ్బు సోకింది.

అదే సంవత్సరం ఇటలీలో గ్రాసి, బిన్యామి, బాస్తియనెల్లి అనే శాస్త్రజ్ఞులు మనుష్యుల మలేరియా విషయంలో ఈ చక్రమంతా అనాఫిలిస్ దోమలో పూర్తిగా నడుస్తుందని నిరూపించారు. ఎవరు ముందు అనే విషయంలో రాసుకూ గ్రాసికీ చాలకాలం కటువైన వివాదం సాగింది. 1902లో నోబెల్ బహుమతి రాసుకు లభించింది. నిజానికి ఈ సత్యం ఏ ఒక్కరి సొత్తూ కాదు. లావరాన్ కన్ను, మాన్సన్ ఊహ, రాస్ ఓపిక, గ్రాసి కీటకశాస్త్ర జ్ఞానం, ఇవన్నీ కలిస్తేనే చక్రం పూర్తి అయింది. వారితోపాటు హుసేన్ ఖాన్‌ను, లచ్మన్‌ను, మహమ్మద్ బక్ష్‌ను కూడ తలచుకొనడం న్యాయం. అణాలకోసం ఒళ్ళు అప్పగించిన రోగికి, అనుమానపు నీరు త్రాగిన యువకునికి, ఆ పరీక్షల అంతరార్థం ఎంతవరకు తెలుసునో చెప్పడం కష్టం. పరీక్షకు లోనయ్యే మనిషికి సంగతి అంతా వివరించి, మనస్ఫూర్తిగా అంగీకారం పొందనిదే అట్టి ప్రయోగం చేయరాదనే నియమం వైద్యశాస్త్రంలో చాల ఆలస్యంగా వచ్చింది.

చెడుగాలికి తీరిన నింద

ఇంత జరిగినా కొందరు చెడుగాలి నమ్మకాన్ని విడువలేదు. వారికోసం 1900లో రెండు ప్రయోగాలు జరిగాయి. రోముకు సమీపంలో మలేరియాకు పేరుపడిన చిత్తడి ప్రదేశంలో దోమలు చొరకుండ సన్నని తీగె జాలీ బిగించిన ఒక గుడిసె నిర్మించారు. సాంబన్, లో అనే ఇద్దరు వైద్యులు జ్వరకాలమంతా అందులో నివసించారు. వారు చేసినదల్లా ప్రొద్దుగూకక ముందే లోపలికి చేరి, తెల్లవారిన తరువాత వెలుపలికి రావడమే. రాత్రి గాలి జాలీగుండా యథేచ్ఛగా లోపలికి వచ్చింది. వారు ఆ గాలినే పీల్చారు. వారికి జ్వరం రాలేదు.

రెండవ ప్రయోగంలో రోములోని రోగి రక్తం త్రాగిన అనాఫిలిస్ దోమలను లండనుకు పంపించారు. అక్కడ చిత్తడి నేల లేదు, చెడుగాలి లేదు. మాన్సన్ కొడుకు తన చేతిని ఆ దోమలకు అప్పగించాడు. కొద్ది దినాలకు అతనికి మలేరియా వచ్చింది. క్వినైను తీసుకొని కోలుకొన్నాడు.

మొదటి ప్రయోగంలో గాలి ఉన్నది, దోమ లేదు, జ్వరం రాలేదు. రెండవదానిలో దోమ ఉన్నది, ఆ గాలి లేదు, జ్వరం వచ్చింది. రెండు కారణాలు కలిసి ఉన్నప్పుడు వాటిని విడదీసి ఒక్కొక్కదానినే పరీక్షించడం ఎట్లాగో బోధించడానికి, తరగతిలో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

చక్రం తిరిగే తీరు

ఇప్పుడు తెలిసిన మేరకు మలేరియా జీవి జీవితచక్రం ఇట్లు ఉన్నది. గ్రుడ్లు పెట్టడానికి అవసరమైన పోషణకోసం ఆడదోమ మాత్రమే రక్తం త్రాగుతుంది. మగదోమ మొక్కల రసాలతో బ్రతుకుతుంది. రోగి రక్తంతోపాటు మలేరియా జీవి స్త్రీ, పురుష రూపాలు దోమ కడుపులో చేరి సంయోగం చెందుతాయి. లావరాన్ చూచిన కొరడా పోగులు పురుష బీజాలే. సంయోగంవల్ల ఏర్పడిన రూపం ఉదరకోశపు గోడలో నాటుకొని కోశంగా మారుతుంది. సికిందరాబాదులో రాస్ చూచినది దీనినే. కోశం పగిలి సూక్ష్మరూపాలు లాలాజల గ్రంథులు చేరడానికి సుమారు 10 నుంచి 14 దినాలు పడుతుంది. అంతవరకు ఆ దోమ కుట్టినా మలేరియా రాదు.

మనిషిలో ప్రవేశించిన జీవులు మొదట కాలేయంలో పెరుగుతాయి. ఈ దశ 20వ శతాబ్దం నడుమ గాని బయటపడలేదు. తరువాత అవి ఎర్ర రక్తకణాలలో చేరుతాయి. వైవాక్స్ అనే రకం కొంతకాలం కాలేయంలో నిద్రాణంగా ఉండి, నెలల తరువాత కూడ తిరిగి జ్వరం తెప్పించగలదు. ఫాల్సిపారం అనే రకం మెదడుకు ఎక్కి ప్రాణాలు తీయగలదు.

అనాఫిలిస్ దోమను గుర్తించడం విద్యార్థులకు కష్టం కాదు. గోడమీద వాలినప్పుడు దాని శరీరం గోడకు ఏటవాలుగా ఉంటుంది. బోదకాలును మోసే క్యూలెక్స్ దోమ శరీరం గోడకు సమాంతరంగా ఉంటుంది. నీటిలో అనాఫిలిస్ డింభకం నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకొని ఉంటుంది. క్యూలెక్స్ డింభకం తలక్రిందులుగా వ్రేలాడుతూ, తోకవద్ద ఉన్న గొట్టంతో గాలి పీలుస్తుంది. గాజు గ్లాసులో నీరు పోసి తరగతిలో చూపిస్తే పిల్లలు ఎన్నటికీ మరువరు. చూచిన తరువాత ఆ నీటిని పారబోయడం మాత్రం మరువరాదు.

దారి తెలిసిన తరువాత

దారి తెలియడంతో ప్రపంచం మారింది. పనామా కాలువ త్రవ్వబోయిన ఫ్రెంచివారు మలేరియా, పచ్చజ్వరం దెబ్బకు వేలాది కూలీలను పోగొట్టుకొని 1889లో పని విడిచారు. పచ్చజ్వరం కూడ దోమవల్లనే వస్తుందని 1900లో క్యూబాలో తేలింది. ఆ జ్ఞానంతో గోర్గాస్ అనే వైద్యాధికారి పనామాలో నిలువ నీటిని తీయించి, నూనె చల్లించి, ఇండ్లకు జాలీలు బిగింపించాడు. 1914లో కాలువ తెరుచుకొన్నది.

మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో ఏటా సుమారు 7 కోట్ల 50 లక్షలమందికి మలేరియా వచ్చేదనీ, సుమారు 8 లక్షలమంది మరణించేవారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకం ప్రారంభమైంది. ఊరూరా గోడలకు డి.డి.టి. చల్లారు. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు ఒక లక్షకు దిగింది. మలేరియా పీడ విరగడైనదనుకొన్నారు. కాని శ్రద్ధ సడలింది, దోమలు డి.డి.టి.ని తట్టుకోవడం నేర్చాయి, మందుకు లొంగని క్రిములు తలయెత్తాయి. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలకు ఎగబాకింది. దారి తెలియడం ఒక ఎత్తు, దానిని కాపలా కాయడం మరొక ఎత్తు అని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఆ తరువాత మళ్ళీ వ్యాధి తగ్గుముఖం పట్టింది. శ్రీలంక 2016లో, చైనా 2021లో మలేరియారహిత దేశాలుగా గుర్తింపు పొందాయి. చైనాకు చెందిన తూ యూయూ కనుగొన్న ఆర్టెమిసినిన్ అనే మందుకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పిల్లలకు వేసే మలేరియా టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. అయినా 2023లో ప్రపంచంలో సుమారు 6 లక్షలమంది ఈ వ్యాధితో మరణించారు. వారిలో అధికసంఖ్యాకులు ఆఫ్రికాలోని ఐదేండ్లలోపు పిల్లలు. మన మన్యం గ్రామాలను కూడ జ్వరం పూర్తిగా విడిచిపోలేదు.

మాన్సన్ దోమలో మొదట చూచిన బోదకాలు పురుగుకు మందు తయారు కావడంలో ఒక తెలుగువాని పాత్ర ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల హెట్రజాన్‌ను రూపొందించింది. ఈనాటికీ బోదకాలు నివారణకు ఊళ్ళలో పంచే మాత్ర అదే మందు.

బెంగుళూరులో రాస్ బోర్లించిన తొట్టి సంగతి ఇక్కడ మళ్ళీ గుర్తుకు తెచ్చుకోవచ్చును. ఆనాడు ఆ అధికారి సృష్టి క్రమంలో జోక్యమని వద్దన్న పని, 14 సంవత్సరాల తరువాత ప్రాణాలు కాపాడే పని అని తేలింది. చెడుగాలిని ఆపడం ఎవరి తరమూ కాదు. కనుకనే జ్వరం తలవ్రాతగా తోచింది. దోమ పుట్టే నీటిని ఆపడం మాత్రం మనిషి చేతిలో ఉన్నది. ఇంటి వెనుక కుండపెంకులో, పాత టైరులో, మూతలేని తొట్టిలో, పూడుకొనిపోయిన కాలువలో నీరు వారం దినాలు నిలిస్తే చాలు, ఒక తరం దోమలు రెక్కలు తొడుగుతాయి. వారానికి ఒక్కసారి ఆ నీటిని పారబోయడానికి సూక్ష్మదర్శని అక్కరలేదు, నోబెల్ బహుమతి అక్కరలేదు. ఎందుకు పారబోయాలో తెలిసి ఉంటే చాలు. ఆ తెలివిని సంపాదించి ఇవ్వడానికే బేగంపేట గదిలో అన్ని దినాల చెమట ఖర్చయింది.